మొహానికి పూయకూడని మందు

పుంగనూరులో మాది బట్టల కొట్టు. మా ఆయన చీరల వైపు కూర్చుంటాడు, నేను జాకెట్టు గుడ్డల వైపు. చీరకు కుదిరే రంగు దొరికేదాకా గుడ్డ మీద గుడ్డ పరచి చూపించాలి కాబట్టి రోజంతా నా చేతులు కొనేవాళ్ల కళ్ల ముందే ఉంటాయి. అందుకే నా మోచేతుల మీద పొలుసులు లేచిన సంగతి నాకంటే ముందు ఊరికి తెలిసింది.

మొదట చిన్న ఎర్ర మచ్చ. దాని మీద తెల్లటి పొట్టు. చలికాలం కదా, చర్మం పగిలిందనుకొని కొబ్బరినూనె రాశాను. చలి పోయి ఎండలు ముదిరినా మచ్చ పోలేదు సరికదా, రెండో మోచేతికి, మోకాళ్లకు, నడుముకు వచ్చేసింది. తలలో చుండ్రు అనుకుంటున్నది చుండ్రు కాదని కూడా తర్వాతే తెలిసింది. నల్ల గుడ్డ పరిచిన ప్రతిసారీ దాని మీద పొట్టు రాలేది. నేను వాళ్లను మాటల్లో పెట్టి అరచేత్తో దులిపేసేదాన్ని. వాళ్లు గుడ్డను వదిలేసి నా మోచేతిని చూసేవాళ్లు.

పెళ్లి బట్టలకని వచ్చిన ఒకావిడ మొహమాటం లేకుండా చెప్పేసింది.

“నువ్వు యాల కష్టపడతావులేమ్మా, ఆ గుడ్డ కూడా ఆయప్పనే ఇప్పమను.”

మా ఆయన విప్పాడు. ఆయనకు రంగుల తేడా తెలీదు. ఆవిడ చిలకపచ్చ చీరకు నాచుపచ్చ జాకెట్టు తీసుకొని సంతోషంగా వెళ్లిపోయింది. నా చెయ్యి తగలకూడదనుకున్నందుకు ఆ మాత్రం శిక్ష పడాల్సిందేనని నేను నోరు మెదపలేదు.

ఆ తర్వాత సలహాలు మొదలయ్యాయి. మా బజారులో ఎవరికైనా జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి పొమ్మంటారు. చర్మం మీద ఏదైనా లేస్తే మాత్రం డాక్టరు అక్కర్లేదు, బజారు మొత్తం డాక్టరే. నీళ్లు పడలేదని ఒకరు, నెత్తురు చెడిందని ఒకరు, వంకాయ తిన్నందుకని ఒకరు. పూల అంగడి ఆవిడ అయితే నా చెయ్యి ఎత్తి చూడకుండానే, దూరం నుంచే తేల్చేసింది.

“పాము పొలుసుల మాదిరి లేదూ? ఎప్పుడో పుట్ట తవ్వించింటారు మీ వాళ్లు. నాగదోషం. ఇంకేం కాదు.”

మా వాళ్లు పుట్ట కాదు కదా, ఇంటి ముందు కాలువ కూడా తవ్వించిన మనుషులు కారు. అయినా నాగులకు పాలు పోసి వచ్చాను. పాలు పోసినందుకు పాములకు ఏం మేలు జరిగిందో తెలీదు, నా మోచేతులు మాత్రం అలాగే ఉన్నాయి.

తర్వాత మా ఆయనకు ఎవరో చెప్పారని వి.కోట దగ్గర ఆకుమందు ఇచ్చే ఒకాయన దగ్గరికి పోయాం. ఆయన నా చేతుల వైపు ఒక్కసారి చూసి, వంకాయ, గోంగూర, ఎండుచేప, చింతపండు, చెనిక్కాయలు, పెరుగు, చివరికి ఊరగాయ కూడా మానేయమన్నాడు. రాయలసీమలో ఇవన్నీ తీసేస్తే మిగిలేది రాగిసంకటి ఒకటే. దాన్ని దేంతో తినాలో ఆయన చెప్పలేదు. ఇచ్చిన పసరు ముదురాకుపచ్చగా, బురదగుంటలో నానిన గడ్డి వాసనతో ఉండేది. దాన్ని పూసుకొని కొట్లో కూర్చుంటే పొలుసులు కనబడేవి కావు. మనుషులు కూడా కనబడేవాళ్లు కారు, ఆ వాసనకు గడప దగ్గరే ఆగిపోయేవాళ్లు.

ఇక్కడ మా వదిన గురించి చెప్పాలి. మా ఆయనకు అక్క. కుప్పంలో ఉంటుంది. తనకు తెలీని విషయం అంటూ ఒకటి లోకంలో ఉంటుందని ఇంతవరకూ ఆమెకు అనుమానం రాలేదు. నా పసరు కథ విని ఫోన్లోనే నవ్వి, మరుసటి వారం మనిషితో ఒక క్రీము పంపించింది. ఆమెకు తెలిసిన మందుల అంగడి ఆయన ఇచ్చాడట.

“డాక్టరూ వద్దు, గీక్టరూ వద్దు. మా వీధిలో అందురూ ఇదే పూస్తాండారు. మొటిమలకూ ఇదే, గజ్జికీ ఇదే, తెల్లగయ్యేదానికీ ఇదే,” అంది.

ఒకే మందు అన్నింటికీ పనిచేస్తుందంటే అది దేనికీ సంబంధించిన మందు కాదని అనుమానించాల్సింది. కానీ నిజం చెప్పాలి, వారం తిరక్కుండానే నా చేతులు నున్నగా అయిపోయాయి. అద్దంలో చూసుకొని మురిసిపోయాను. మా వదిన ఈ విజయాన్ని కుప్పంలో ఇంటింటికీ పంచింది. మా మరదలి చెయ్యి చూడండి అని నా ఫోటో కూడా ఎవరెవరికో పంపించిందట.

క్రీము అయిపోయింది. పూయడం ఆపేశాను. ఆపిన కొద్దిరోజులకే పోయిన మచ్చలు తమ చుట్టాలను కూడా వెంటబెట్టుకొని వచ్చాయి. ఈసారి వీపంతా, పిక్కలంతా. మంట, దురద. వదినకు ఫోన్ చేశాను. తగ్గినప్పుడు అది క్రీము గొప్పతనం. తిరగబెట్టినప్పుడు తప్పు నాది.

“నీ ఒళ్లే అట్లాంటిది లేమ్మా. అందురికీ పడిండాది, నీకే పడలా,” అని పెట్టేసింది.

అప్పుడు మదనపల్లెకు బయలుదేరాం. టమోటా ముమ్మరంగా వస్తున్న రోజులు. మార్కెట్ యార్డుకు పోయే బళ్ల మధ్య మా బస్సు నడిచి వెళ్లేవాళ్లకంటే నిదానంగా పోయింది. చర్మ డాక్టరమ్మ ఆసుపత్రి మెట్లెక్కేసరికి మధ్యాహ్నం అయింది. లోపల కూర్చున్నవాళ్లను చూసి నవ్వొచ్చింది. ఆ ఎండలో ఒక్కరు కూడా పొట్టి చేతుల బట్టలు వేసుకోలేదు. ఆడవాళ్లు కొంగు కప్పుకొని, మగవాళ్లు మణికట్టుదాకా గుండీలు పెట్టుకొని, పక్కవాడి రోగం తమకు అంటుకుంటుందేమోనని మనిషికీ మనిషికీ మధ్య ఒక కుర్చీ వదిలి కూర్చున్నారు. నేను కూడా ఒక కుర్చీ వదిలే కూర్చున్నాను. నేనూ అందరిలాంటి మనిషినే కదా.

డాక్టరమ్మ నా చేతులు పట్టుకొని చూసింది. పట్టుకొని అంటున్నాను. చాలా కాలం తర్వాత మా ఆయన కాక ఇంకొకరు నా మోచేతిని తాకారు. ఆమె మోకాళ్లు చూసింది, వీపు చూసింది, తలలో పాయలు తీసి చూసింది.

“సోరియాసిస్ అంటారమ్మా దీన్ని. చర్మం మామూలుగా నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా రాలిపోతుంది. మీకు ఆ పని హడావుడిగా జరుగుతోంది. పాతది రాలకముందే కొత్తది వచ్చి పేరుకుంటోంది. ఇది ఎవరికీ అంటుకోదు. ఇంట్లోవాళ్లకు కూడా.”

“నాగదోషం అంటాండారమ్మా,” అన్నాడు మా ఆయన.

“పాములకు వేరే పనుంటుంది,” అంది ఆమె.

కుప్పం క్రీము ఖాళీ ట్యూబు చూపించాను. ఆమె ముఖం ముడుచుకుంది. అందులో స్టెరాయిడ్ ఉందని, అది కూడా మందేనని, ఎంత బలమైనది ఎక్కడ ఎన్నాళ్లు వాడాలో డాక్టరు చూసి చెప్పాలి గానీ ఇష్టమొచ్చినట్టు పూసి ఇష్టమొచ్చినప్పుడు ఆపేస్తే ఇలాగే విరుచుకుపడుతుందని చెప్పింది. తర్వాత కొత్త మందు రాసింది.

“ఇది విటమిన్ డి రకం మందు. పైపూత.”

మా ఆయన ముఖంలో రంగు మారింది. కొట్టు మూసుకొని, బస్సులో నలిగి ఇంత దూరం వచ్చింది విటమిన్ కోసమా అని.

“డాక్టరమ్మా, విటమిన్ డి అంటే ఎండలో వస్తాదంటారు గదా. మాకు ఎండకేం కరువు? మిద్దె పైన కూసుంటే సరిపోదా?”

“ఎండలో కూర్చుంటే పోయే జబ్బయితే ఈ జిల్లాలో ఒక్కరికీ ఉండకూడదు కదప్పా. ఇది మింగే విటమిన్ బిళ్ల కాదు, గుడ్డులో ఉండేదీ కాదు. చర్మం కోసం తయారుచేసిన మందు. ఆ హడావుడిగా పెరిగే చర్మాన్ని నెమ్మదించమంటుంది.”

ఆమె నా వైపు తిరిగి మిగతావి చెప్పింది. మచ్చల మీదే పూయాలి. పలుచగా, పొద్దున, సాయంత్రం. పూశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మొహానికి పూయకూడదు, అక్కడి చర్మం సున్నితం, మండి ఎర్రబడుతుంది. తొందరగా తగ్గాలని ఎక్కువెక్కువ పూయకూడదు, ఎక్కువైతే ఒంట్లో కాల్షియం పెరిగే ప్రమాదం ఉంది. పూసుకొని ఎండలో తిరగకూడదు. తలలోకి నీళ్లలాంటి మందు వేరే ఇచ్చింది.

“వారంలో నున్నగా అయిపోతుందని ఎదురుచూడొద్దు. కొన్ని వారాలు ఓపిక పట్టాలి. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, అణిగి ఉంటుంది, మళ్లీ లేస్తుంది. లేచినప్పుడు మళ్లీ చూసుకుందాం.”

ఇంత నిజం చెప్పే డాక్టరుకు మా ఊళ్లో అయితే గిరాకీ ఉండదనుకున్నాను.

ఆ మందు వాడడం అంత సుఖమేం కాదు. జిడ్డు. కొట్లో కూర్చుంటే గాల్లో ఎగిరే నూలుపోగులన్నీ వచ్చి మోచేతికి అతుక్కునేవి. సాయంత్రానికి నా చెయ్యి పత్తికాయలా ఉండేది. పూసిన కాసేపు చిమచిమలాడేది. వీపుకు నా చెయ్యి అందదు, ఆ పని మా ఆయనకు పడింది. గోడకు సున్నం కొట్టినట్టు పట్టించబోతే, పలుచగా, పలుచగా అని అరిచేదాన్ని. కొన్నాళ్లకు ఆయన చెయ్యి కుదిరింది. మాట్లాడకుండా, ఒక్కో మచ్చనూ వెతుక్కుంటూ పూసేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా వీపును ఆయన అంత శ్రద్ధగా చూసింది లేదు.

బజారులో ఏం వాడుతున్నావని అడిగితే విటమిన్ డి అని చెప్పేదాన్ని. పెదవి విరిచేవాళ్లు. పసరు అన్నప్పుడు భక్తిగా విన్నవాళ్లే విటమిన్ అనేసరికి జాలిగా చూశారు.

“విటమినా? బలానికి ఇచ్చింటారులే. రోగం ఏందో తెలీకుంటే అదే రాసిస్తారు,” అంది పూల అంగడి ఆవిడ.

మొదటి నెల పెద్ద తేడా ఏమీ లేదు. ఆపేద్దామని కూడా అనుకున్నాను. తర్వాత పొట్టు రాలడం తగ్గింది. మచ్చలు పలచబడ్డాయి. ఎర్రగా ఉన్నవి గులాబీరంగుకు, ఆ తర్వాత వట్టి మరకల్లా మారాయి. ఒకరోజు నల్ల గుడ్డ పరిచి, మడిచేదాకా దాని మీద ఏమీ రాలలేదని గమనించాను. మళ్లీ పరిచి చూశాను. కొనేవాళ్లెవరూ లేకపోయినా.

సరిగ్గా ఆ సమయానికే మా వదిన కూతురి పెళ్లి వచ్చింది. కుప్పంలోనే, కల్యాణమంటపంలో. పిలుపు ముందు నాకు, దాని వెంటనే షరతులు.

“రా, రాకుండా ఎట్ల? కాకుంటే నలుగు పెట్టే కాడ, పసుపు దంచే కాడ నువ్వు నిలబడొద్దులే. జనం ఒక రకంగా సూస్తారు. పొడుగు చేతుల జాకెట్టు ఏసుకోనిరా. వీడియో తీస్తాండారు గదా.”

మా ఆయన పక్కనే విన్నాడు. “పోనీలే, అక్క నోరు అంతే,” అన్నాడు. అక్క నోరు అంతే అని తెలిసినవాళ్లందరూ కలిసి ఆ నోటిని ఇన్నేళ్లు పోషించారు.

నేను మోచేతిపైదాకా ఉండే జాకెట్టు కుట్టించుకున్నాను. ముదురు వంకాయరంగు. కావాలనే.

రిసెప్షన్‌కు ముందురోజు కుప్పం చేరాం. వదిన గడపలోనే నా చేతులను పట్టిపట్టి చూసింది. తాకలేదు, కళ్లతోనే. కాఫీ మాత్రం నాకు ఒక్కదానికే కాగితం కప్పులో ఇచ్చింది, మిగతా అందరికీ స్టీలు లోటాలు. కాసేపటికి, సామాన్లు పెట్టిన గదిలో నేను మందు పూసుకుంటుంటే లోపలికి వచ్చింది.

“ఏందే అది? చెయ్యి ఇంత నున్నగా ఎట్లయింది?”

“మదనపల్లెలో రాసిచ్చినారు వదినా. విటమిన్ డి మందు.”

“విటమినా?” ఆమె కళ్లు మెరిశాయి. “మొహానికి పూసుకుంటే కూడా నున్నగయితాదా?”

“అయ్యో, మొహానికి పూయగూడదు. మంటెత్తుకుంటాది. ఇది పొలుసుల మీదికి మాత్రమే. డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.”

ఆమె నన్ను ఒక చూపు చూసింది. కూర బాగుందంటే ఏం మసాలా వేశావో చెప్పనివాళ్లను చూస్తాం కదా, ఆ చూపు. నేను చేతులు కడుక్కోవడానికి వెళ్లి వచ్చాక ఇద్దరం మామూలుగా మాట్లాడుకుంటూ పెళ్లికూతురి దగ్గరికి వెళ్లిపోయాం. సాయంత్రం పూసుకుందామని చూస్తే సంచిలో ట్యూబు లేదు. ఆ గదిలో అందరి సంచులూ కలిసిపోయి ఉన్నాయి. ఎక్కడో జారిపోయిందనుకున్నాను.

మరుసటిరోజు పొద్దున వదిన పార్లర్‌కు పోయి మొహం రుద్దించుకొని, బ్లీచ్ పెట్టించుకొని వచ్చింది. ఆ మొహం మీద ఏం జరిగిందో సాయంత్రం రిసెప్షన్‌కు అందరం చూశాం. మేకప్ అమ్మాయి ఎంత పౌడరు కొట్టినా కిందనుంచి ఎరుపు పొంగుతోంది. బుగ్గలు రెండూ మంచి రేటు పలికే టమోటాల్లా ఉన్నాయి. ఆమె నవ్వలేదు, నవ్వితే మండుతోంది. ఫోటోలవాడు “కొంచెం నవ్వండమ్మా” అన్నప్పుడల్లా వాణ్ణి కొట్టేలా చూసింది.

అంతవరకైతే ఏదో పార్లర్ పొరపాటు అనుకునేవాళ్లు. కానీ వేదికకు అటువైపు నిలబడిన పెళ్లికొడుకు తల్లి మొహం కూడా ఎర్రగా ఉంది. అంతగా కాదు, గడ్డం దగ్గర, నుదుటి మీద. ఆవిడ వి.కోట నుంచి ఆ రోజు పొద్దునే వచ్చింది. మాటిమాటికీ కొంగుతో మొహానికి విసురుకుంటోంది.

వెనక వరుసలో కూర్చున్న మా వైపు చుట్టాలు మొదలుపెట్టారు. నాకు వినిపించేలానే.

“నిన్నటిదాకా బాగుండె. ఒకే ఇంట్లో ఉండారు గదా, అంటుకునింటాది.”

“వియ్యపురాలికి కూడా అంటుకునె, సూడు పాపం.”

“ఆయమ్మను పిలవొద్దని నేను ముందే చెప్తిని.”

ఆయమ్మ అంటే నేను. నా పక్క కుర్చీలు మెల్లగా ఖాళీ అయ్యాయి. లేచినట్టు కనబడకుండా లేచి వెళ్లడం మా చుట్టాలకు బాగా చేతనవుతుంది. ఒకరికి ఫోన్ వచ్చింది, ఒకరికి దాహం వేసింది, ఒకరికి ఎవరో పిలిచినట్టు వినిపించింది. కాసేపటికి ఆ వరుసలో నేను, మా ఆయన మిగిలాం. ఆయన నా చెయ్యి పట్టుకొని కూర్చున్నాడు. అంతమందిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. నాకు ఏడుపు వచ్చింది, దానికంటే ఎక్కువ కోపం వచ్చింది.

వేదిక వెనక గదిలో వదిన కుర్చీలో కూలబడి తడిగుడ్డ అద్దుకుంటోందని తెలిసి అక్కడికి వెళ్లాను. గది నిండా ఆడవాళ్లు. పెళ్లికొడుకు తల్లి కూడా అక్కడే ఉంది. నేను గడపలో కాలు పెట్టానో లేదో ఒక పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఈడికి యాల వస్తివమ్మా? ఇప్పుడికే అయ్యింది సాలదా?”

అప్పుడు చూశాను. అద్దం దగ్గర, పౌడరు డబ్బా పక్కన నా ట్యూబు. నిన్నటిదాకా నిండుగా ఉన్నది, ఇప్పుడు నొక్కినొక్కి చదునైపోయింది.

“వదినా, నా మందు మొహానికి పూసినావా?” అన్నాను.

వదిన తడిగుడ్డ తీయకుండానే, “నీ మందు నాకెందుకే?” అంది.

పెళ్లికొడుకు తల్లి తలెత్తింది. ఆమె అమాయకంగానే అడిగింది, అందులో కల్లాకపటం లేదు.

“అదేంది వదినా? అది మీరు రోజూ పూసుకునే విటమిన్ క్రీమని గదా నాకు ఇస్తిరి. బెంగుళూరు నుంచి తెప్పించుకుంటాండానని కూడా చెప్తిరే.”

చెయ్యి అడ్డం పెట్టిన పెద్దావిడ ఆ చెయ్యిని ఏం చేయాలో తెలీక జడ సర్దుకుంది. నాకు నవ్వాలో అరవాలో తెలియలేదు. చివరికి రెండూ చేయలేదు, వాళ్లిద్దరి మొహాలూ అలా మండుతుంటే.

“ముందు ఆ పౌడరంతా కడిగేయండి. చల్లటి నీళ్లు పోసుకోండి. ఇంకేమీ పూయొద్దు, పసుపు కూడా. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాది. తగ్గకుంటే డాక్టరుకు చూపించాల,” అన్నాను. “ఇది అంటుకునే రోగం కాదు. మీకు వచ్చింది రోగం కూడా కాదు. మొహానికి పూయొద్దని నిన్న మా వదినకు చెప్పిన మందు, మొహానికి పూసినందుకు వచ్చింది.”

ఈ చివరి మాట గట్టిగానే అన్నాను. బయట వెనక వరుసదాకా వినపడాలని.

పెళ్లికొడుకు తల్లి మొహం కడుక్కొని వచ్చి ట్యూబు చేతిలోకి తీసుకుంది. అటూఇటూ తిప్పి చూసింది. తర్వాత నన్ను పక్కకు పిలిచింది.

“ఇది దేనికి పూస్తారమ్మా?”

మోచెయ్యి చూపించి, ఇక్కడ పొలుసులు లేచేవని, మోకాళ్ల మీద, వీపు మీద కూడా ఉండేవని చెప్పాను. ఆవిడ కొంగు కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

“మావాడికి కూడా అట్లే ఉండాది. చేతులకు, కాళ్లకు. పెండ్లి చెడిపోతాదని బయటికి చెప్పలా. ఫుల్లు చేతుల చొక్కాయిలే ఏస్తాడు. ఆ డాక్టరమ్మ యాడుంటాదో చెప్తావా?”

నేను వేదిక వైపు చూశాను. పెళ్లికొడుకు కోటు వేసుకొని, ఆ ఉక్కలో చెమటతో తడిసి నిలబడి ఉన్నాడు.

“అమ్మాయికి తెలుసా?” అన్నాను.

ఆవిడ ట్యూబు నా చేతిలో పెట్టి వేదిక వైపు వెళ్లిపోయింది. ఆ రాత్రి అంతా నాకు అదే గుబులు. నా జబ్బు చూసి కాగితం కప్పు ఇచ్చిన ఇంటి పిల్ల. తెల్లారి ముహూర్తానికి ముందు జడ అల్లే నెపంతో పెళ్లికూతురి పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలీక తడబడుతుంటే ఆ పిల్లే నవ్వింది.

“మా అత్త నీకు చెప్పిందంట గదా, ఆయన రాత్రి ఫోన్ చేసినాడులే. నాకు ఎప్పుడో తెలుసత్తా. మొదటిసారి ఇద్దరం మాట్లాడుకున్నప్పుడే చెయ్యి మడిచి చూపించినాడు. ఒద్దనుకుంటే ఇప్పుడే ఒద్దని చెప్పేయి అన్నాడు. మా అత్తకే తెలీదు నాకు తెలుసని.”

“మీ అమ్మకు?”

“అమ్మకు యాల చెప్తాను? నిన్ను ఎట్ల సూస్తాదో తెలిసినాక కూడానా?”

ఆ పిల్ల తల మీద ముద్దు పెట్టి జడ అల్లడం పూర్తి చేశాను. ముహూర్తం బాగా జరిగింది. పెళ్లి వీడియోలో మా వదిన ఎక్కడా సరిగ్గా కనిపించదు. కనిపించిన చోట కొంగు ముక్కుదాకా ఉంటుంది. చూసినవాళ్లు కూతురు వెళ్లిపోతున్నందుకు ఏడుస్తోందనుకుంటారు.

పెళ్లయిన కొద్దివారాలకు కొత్త జంటను నేనే మదనపల్లెకు తీసుకుపోయాను. అల్లుడి సంగతి అప్పటికి మా వదినకు తెలిసిపోయింది. ఇల్లెగిరిపోయేలా అరుస్తుందని అందరం భయపడ్డాం. ఆమె అరవలేదు. ఎలా అరుస్తుంది, కూతురు మెడలో తాళి పడింది, వీధి మొత్తానికి అల్లుడు బంగారమని చెప్పేసింది. ఆ సాయంత్రానికే కొత్త సంగతి కనిపెట్టింది. నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

“అల్లుడిది నీ మాదిరి రోగం కాదులే. బాగా బతికిన పిల్లోడు గదా, చర్మం సున్నితం. గాలి మారితే పొట్టు లేస్తాదంతే.”

అదే పొలుసు నా మోచేతి మీద ఉంటే నాగదోషం, అల్లుడి మోచేతి మీద ఉంటే సుకుమారం. నేను “అవును వదినా” అన్నాను. ఇప్పుడు ఆమె కుప్పంలో ఎవరింటికి పోయినా ఈ జబ్బు అంటుకోదని ఉపన్యాసం ఇస్తుందట. నా మాట మీద నమ్మకంతో కాదు, అల్లుడి మర్యాద కోసం. కారణం ఏదైతేనేం, చెప్పే మాట నిజమే కదా అని సరిపెట్టుకున్నాను.

డాక్టరమ్మ ఆ అబ్బాయికి మచ్చలు ఎక్కువగా ఉన్నచోట్ల కొన్నాళ్లు స్టెరాయిడ్ కలిసిన మందు, తర్వాత వట్టి విటమిన్ డి మందు రాసింది. ఎప్పుడు ఏది ఆపాలో కాగితం మీద గీతలు గీసి చూపించింది. కీళ్ల నొప్పులు ఉన్నాయా అని కూడా అడిగింది, కొందరికి వస్తాయట. బయటికి వచ్చాక ఆ పిల్ల ఎండ తగలని చోటికి పోదామంది. హార్స్లీ హిల్స్ దగ్గరే కదా అని అక్కడికి బస్సెక్కాం. కొండ మీద చల్లగా ఉంది. అంతసేపూ మణికట్టుదాకా గుండీలు పెట్టుకున్న ఆ అబ్బాయి చొక్కా చేతులు పైకి మడిచాడు. పక్కన మొక్కజొన్న కంకులు తింటున్న ఒక కుటుంబం అతని మోచేతుల వైపు చూసి, తర్వాత ఇంకోవైపు చూసింది.

“పిన్నమ్మా, సూస్తాండారు,” అన్నాడు మెల్లగా.

“సూడనీ నాయనా. టికెట్టు పెట్టలేదు గదా.”

ఆ పిల్ల పగలబడి నవ్వింది. అతను కూడా నవ్వాడు, చేతులు మాత్రం దించలేదు.

ఈ చలికాలం నాకు మోకాలి కింద మళ్లీ లేచింది. అణిగి ఉంటుంది, లేస్తుంది అని ఆమె ముందే చెప్పింది కాబట్టి ఏడవలేదు. రెండు పూటలా పూసుకుంటున్నాను. అతనికి మోచేతులు బాగా తగ్గాయి, మోకాళ్లు మాత్రం మొండికేస్తున్నాయట. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. మొన్న ఒకరోజు మేమిద్దరం మందు జిడ్డు దుప్పట్లకు అంటకుండా ఏం చేయాలో చాలాసేపు మాట్లాడుకుంటుంటే, మా ఆయన విని విని విసుక్కున్నాడు.

“మీ ఇద్దరికీ ఇంకేం మాటలే ఉండవా?”

“ఉంటాయి. తల మందు గురించి ఇంకా మొదలుపెట్టలేదు,” అన్నాను.